గుండ్లమెట్టలో దుమ్ము లేదు

మా ఆఫీసును చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకేం పోయింది, జీతం నెలనెలా పడుతూనే ఉంది. కానీ "దుమ్మును కొలవడానికి కూడా ఒక ఆఫీసా?" అని ఎవరైనా మొహం మీద అంటే మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. బియ్యాన్ని కొట్టువాడు కొలుస్తాడు, గుడ్డను దర్జీ కొలుస్తాడు. ఎవరికీ పట్టని దాన్ని పట్టించుకోవడానికి కాకపోతే ఇంక ప్రభుత్వం ఎందుకండీ?

మాది సూక్ష్మ రేణు నిర్ధారణ మండలి. జిల్లా కేంద్రంలో మూడు రోడ్ల కూడలి దగ్గరున్న భవనంలో పై అంతస్తంతా మాదే. కింద అంతస్తు ఆహార కల్తీ శాఖది. మాకు రెండు విభాగాలున్నాయి. రేణువు ఎంత ఉందో చెప్పేది పరిమాణ విభాగం, దానికి సూపరింటెండెంటు భుజంగరావు. ఎలా ఉందో చెప్పేది ఆకార విభాగం, దానికి సూపరింటెండెంటుని నేను. నా పేరు పరాంకుశం. మా ఇద్దరి మీదా డైరెక్టరు, డాక్టరు శేషావతారంగారు. రేణువు అనే మాట పలికేటప్పుడు ఆయన గొంతు కాస్త తగ్గించి, గౌరవంగా పలుకుతారు.

మా మండలికి ప్రాణమంతా జర్మనీ నుంచి తెప్పించిన సూక్ష్మదర్శినిలో ఉంది. దానికి విడిగా ఏసీ గది. తలుపు సందులకు రబ్బరు పట్టీలు, కిటికీలకు మేకులు. చెప్పులు బయటే విడవాలి. వరండాలో పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లిస్తాం. పని లేనప్పుడు మిషను మీద మందపాటి ప్లాస్టిక్ ముసుగు కప్పుతాం. పని ఎప్పుడూ లేదు గనక ముసుగు ఎప్పుడూ ఉండేది.

అలాంటి రోజుల్లో గుండ్లమెట్ట నుంచి సంపూర్ణమ్మ వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. భర్త పోయాక అప్పడాలు చేసి, పెళ్లిళ్ల వంటవాళ్లకూ హోటళ్లకూ వేసి బతుకుతోంది. ఇంటి వెనకాలే కంకర క్రషరు వచ్చింది. ఆమె డాబా మీద చీరలు పరిచి అప్పడాలు ఎండబెడితే, క్రషరు నుంచి లేచిన రాతిపొడి వచ్చి వాటి మీదే వాలుతుంది. డాబా మీద ఊడ్చిన పొడిని ఒక స్టీలు డబ్బాలో తెచ్చి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టింది.

"అయ్యా, నేనేం కోరకూడనిది కోరటంల్యా. ఆ క్రషరుకు ఓ టార్పాలిన్ కప్పమనండి, కాసిని నీళ్లు కొట్టమనండి. గాల్లో దుమ్ము ఎక్కువైతే అట్టా చెయ్యాలని మీ రూల్లోనే ఉందంటగా. పంటి కింద రాయి తగుల్తందని వంటోళ్లు అప్పడాలు తిరగ్గొడతన్నారు. ఈ పెళ్లిళ్ల సీజను కూడా పోయిందంటే నేను ఇంక ఈ పని మానుకోటమే."

డైరెక్టరుగారు డబ్బా మూత తీసి చూశారు. ఆయన కళ్లు మెరిశాయి. జనంలోంచి మాకు వచ్చిన మొట్టమొదటి నమూనా అది.

"ఏమిటమ్మా ఇది?"

"దుమ్మండీ."

"దుమ్ము అనేది లోకవ్యవహారంలోని మాట. ప్రస్తుతానికి ఇది ఒక పదార్థం. ఇది దుమ్మా, కాదా అన్నది శాస్త్రీయ నిర్ధారణ అనంతరం తేలవలసిన అంశం."

"ఊడిస్తే చీపురుకొచ్చిందండీ. దుమ్ము కాకపోతే కుంకమా?"

"తొందరపడకూడదు," అన్నారు డైరెక్టరుగారు ప్రేమగా. "వచ్చే వారం రా."

ఆ సాయంత్రం మిషను ముసుగు తీశాం. నాకు ఒళ్లు పులకరించిందంటే నమ్మండి.

రూలు చాలా స్పష్టంగా ఉంది. పది మైక్రాన్ల లోపు వ్యాసం గల రేణువులు గాలిలో పరిమితికి మించి ఉంటే క్రషరుకు ముసుగు కప్పాలి, నీళ్లు చిమ్మాలి. మైక్రాను అంటే ఎంతో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మీ తల వెంట్రుకను నిలువునా డెబ్బై పోగులు చేస్తే అందులో ఒక పోగంత మందం. ఇక కొలవడమే తరువాయి అనుకుని భుజంగరావు కంటిని అద్దానికి ఆనించాడు. ఆనించినవాడు చాలాసేపటికి గాని తల ఎత్తలేదు.

"పద్నాలుగు," అన్నాడు.

నేను చూశాను. "ఆరు," అన్నాను.

ఇద్దరం చూసింది ఒకే రేణువు. రాయిని నలగ్గొడితే వచ్చిన ముక్క అది, పొడుగ్గా, సన్నగా ఉంది. అతను పొడవు కొలిచాడు, నేను వెడల్పు కొలిచాను.

"మనిషి ఎంత ఉన్నాడంటే ఎత్తే చెబుతాం పరాంకుశంగారూ! నడుము చుట్టుకొలత చెబుతామా?"

"ప్యాంటు కుట్టించుకునేటప్పుడు ఏం చెబుతారండీ?"

అంతే, ఆఫీసు రెండుగా చీలిపోయింది. పొడవు ప్రకారమైతే అది పదికి పైన, రూలు దాన్ని పట్టుకోదు. వెడల్పు ప్రకారమైతే పదికి లోపల, క్రషరుకు టార్పాలిన్ తప్పదు. నిజం చెప్పొద్దూ, మాకు అప్పుడు క్రషరు గానీ సంపూర్ణమ్మ గానీ గుర్తులేరు. పొడవువాళ్లు కాంటీన్లో ఒక బల్ల దగ్గర, వెడల్పువాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తాగడం మొదలైంది. అటెండర్లు కూడా ఏదో ఒక పక్షం తేల్చుకోవాల్సి వచ్చింది.

చివరికి డైరెక్టరుగారే రాజీ చేశారు. "ఉభయ విభాగాల గౌరవానికీ భంగం కలగకుండా సగటు తీయండి," అన్నారు.

పద్నాలుగూ ఆరూ ఇరవై. అందులో సగం పది.

డైరెక్టరుగారు కళ్లజోడు సవరించుకుని రూలు మళ్లీ చదివారు. "పది లోపు అని ఉంది. పది అనేది పది లోపు కాదు."

వారం వారం బస్సెక్కి వస్తున్న సంపూర్ణమ్మకు ఆ సంగతి నేనే చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే అది ఇంకాస్త చిన్నదైతే దుమ్మేనా?"

"అవునమ్మా."

"ఇంకాస్త పెద్దదైతే?"

"అప్పుడు రాయి. అది గనుల శాఖ చూసుకుంటుంది."

"ఇప్పుడేందయ్యా మరి?"

"ఇప్పుడు పది," అన్నాను. ఇంతకంటే వివరంగా ఎవరైనా ఎలా చెబుతారు చెప్పండి?

ఆమె చేతిలో ఉన్న మూటలోంచి ఒక అప్పడం తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. వేయించిన అప్పడమే. నేను కొరికాను. తర్వాత నీళ్లు పుక్కిలించాల్సి వచ్చింది.

కానీ డైరెక్టరుగారికి మనసులో ఒక శంక మిగిలిపోయింది. సగటు మీద ఎవరైనా కోర్టుకు వెళితే? నిర్ణయానికి ఇంకా గట్టి ఆధారం కావాలన్నారు. నన్ను పిలిచి, "పరాంకుశంగారూ, ఇది ఆకార విభాగానికి ఒక చారిత్రక అవకాశం. సదరు రేణువు ఆకారమేమిటో నిర్ద్వంద్వంగా సెలవియ్యండి," అన్నారు.

ఆమోదించిన ఆకారాలు మాకు నాలుగే ఉన్నాయి. వర్తులం, అండాకారం, సూచ్యాకారం, ఇతరములు. డబ్బాలో ఉన్నదంతా ఇతరములే. ఇలా అయితే ఆకార విభాగం ఎందుకు, దాని సూపరింటెండెంటు ఎందుకు? రాత్రి నిద్రపట్టక వంటింట్లోకి వెళ్లి పోపులడబ్బా తెరిచాను. అందులో సమస్త ఆకారాలూ ఉన్నాయి! మర్నాడే ఒక అట్ట మీద ఆవగింజ, జీలకర్ర, సోంపు, మెంతి, కందిబద్ద, ధనియం జిగురుతో అంటించి, ప్రతిదాని కిందా పేరు రాసి గోడకు తగిలించాను. ఇక ఏ రేణువు వచ్చినా వీటిలో దేన్ని పోలి ఉందో చెబితే చాలు. డైరెక్టరుగారు నా భుజం తట్టారు. భుజంగరావు మొహం మాడిపోయింది.

అయితే అతను ఊరుకునే రకమా! మొదటి రేణువు నేను జీలకర్ర వర్గం అనగానే, "కాదు, సోంపు," అన్నాడు. జీలకర్ర కాస్త వంగి ఉంటుందనీ ఇది నిటారుగా ఉందనీ వాదించాడు. వంగిన జీలకర్ర నాసిరకమని నేనన్నాను. మీ ఇంట్లో నాసిరకమే వాడతారేమో అన్నాడు. ఆ మాట మా ఆవిడ దాకా వెళ్లింది. దాంతో రెండు కుటుంబాలకూ మాటలు లేకుండా పోయాయి. ఈలోగా అట్టకు చీమలు పట్టి కందిబద్ద సగం తినేశాయి. ఆ సగం తిన్న కందిబద్దను కూడా కొత్త ఆకారంగా నమోదు చేయాలా వద్దా అని ఇంకో సమావేశం జరిగింది.

సమావేశం చివర డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. "జీలకర్ర కానివ్వండి, సోంపు కానివ్వండి. ఆవగింజ మాత్రం కాదు గదా?"

కాదని అందరం ఒప్పుకున్నాం. ఆ విషయంలో మాకు భేదాభిప్రాయం లేదు.

"అనగా గుండ్రంగా లేదు. గుండ్రంగా లేనిదానికి వ్యాసం ఉండదు. వ్యాసమే లేనిదానికి పది లోపు వ్యాసం ఉండే ప్రసక్తే లేదు. రూలు వ్యాసం గల రేణువులను మాత్రమే పరిగణిస్తుంది. కాబట్టి గుండ్లమెట్ట గాలిలో రూలు నిర్వచించిన దుమ్ము సున్నా!"

చప్పట్లు కొట్టాం. నేనూ భుజంగరావూ కూడా ఒకరినొకరు చూసుకోకుండా కొట్టాం. సున్నా వచ్చిన ఊరు రాష్ట్రంలో అదొక్కటేనని మా మండలి వార్షిక నివేదికలో ముందు పేజీలో అచ్చేయించాం.

ఈ కబురు విన్న సంపూర్ణమ్మ ఈసారి కూర్చోలేదు. "కాగితాలు నాకెందుకు? ఒక్కసారి వచ్చి కళ్లతో చూడండయ్యా," అంది. సరే, న్యాయంగానే అడిగింది గదా అని జీపు వేసుకుని వెళ్లాం. క్రషరు రంకెలు వేస్తోంది. వెనకాల కొండ కనపడటం లేదు. ఆమె డాబా మీద పరిచిన ఆకుపచ్చ చీర బూడిదరంగుకు తిరిగింది. భుజంగరావు గాలిలోకి కొలబద్ద పెట్టి నిలబడ్డాడు.

"కదులుతోంది సార్," అన్నాడు. "కదిలేదాన్ని కొలవకూడదు."

"కింద వాలనివ్వండి," అన్నారు డైరెక్టరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

వాలింది. అప్పుడు ఆయన జాలిగా సంపూర్ణమ్మ వైపు తిరిగారు. "చూడు తల్లీ, మా పరిధి గాలిలో ఉన్నంతవరకే. డాబా మీద వాలినది పంచాయతీ పరిధి. నీ అప్పడం మీద వాలినది ఆహార శాఖ పరిధి. వాళ్లు మా కింద అంతస్తులోనే ఉంటారు. వెళ్లి కలువు."

పాపం, వెళ్లింది. కింద అంతస్తులో ఇన్‌స్పెక్టరు అనంతశయనం ఉంటాడు. వాళ్లకు సూక్ష్మదర్శిని లేదు, పళ్లున్నాయి. అతను అప్పడం కొరికాడు, కరకరలాడింది, ఉమ్మేశాడు. "ఆహారంలో రాతిపొడి. కల్తీ," అని అక్కడికక్కడే నోటీసు రాసి ఆమె చేతిలోనే పెట్టాడు. రాయి లేని అప్పడం తెచ్చి చూపించేదాకా ఆమె ఒక్క అప్పడం కూడా అమ్మకూడదు.

నోటీసు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. డైరెక్టరుగారి గది గుమ్మంలో నిలబడి అడిగింది.

"పైన లేదంటిరి. కింద ఉందంటన్నారు. మధ్యలో ఈ మెట్ల కాడ ఏమైందయ్యా అది? నా నోటికాడ కూడు తీసిందే, అది దుమ్ము కాదా?"

"ఆ శాఖ కొలమానాలు వేరు," అన్నారు డైరెక్టరుగారు. "అప్పడంలోకి అది గాలిలోంచి వచ్చిందని మేము అనలేము. గాలిలో లేదని ధ్రువీకరించి ఉన్నాం. కాబట్టి నువ్వే కలిపి ఉండాలి. నేననడం లేదు, తర్కం అంటోంది."

ఆమె కళ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. ఏసీ గది తలుపు తెరిచి ఉంది. మిషను మీద ముసుగు కనపడుతోంది. అటెండరు వరండాలో నీళ్లు చల్లుతున్నాడు. చాలాసేపు చూసింది. తర్వాత నోటీసు మడిచి కొంగున కట్టుకుని మెట్లు దిగింది. నేను మాత్రం పైత్యం చేసిందనుకుని ఒక సోడా తాగాను.

సీజను మొదలైంది. ముహూర్తాలన్నీ దగ్గరపడ్డాయి, సంపూర్ణమ్మ పొయ్యి వెలగలేదు. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి మాకు ఉత్తర్వు వచ్చింది. మా వార్షిక నివేదికను పైన ఎవరో నిజంగానే చదివారు! ఇలాంటిది ఇంతకుముందెన్నడూ జరగలేదు. "మూడు రోడ్ల కూడలిలోని రణగొణధ్వనుల మధ్య, వాహనాల కాలుష్యంలో అమూల్యమైన పరికరాన్ని ఉంచడం భావ్యం కాదు. రాష్ట్రంలో దుమ్ము సున్నాగా నిర్ధారణ అయిన ఏకైక గ్రామం గుండ్లమెట్టకు మండలిని తక్షణమే తరలించవలెను. కార్యదర్శిగారు స్వయంగా ప్రారంభిస్తారు."

డైరెక్టరుగారు ఆ కాగితాన్ని తిరగేసి కూడా చూశారు. వెనకవైపు ఏమీ లేదు.

"సార్, అక్కడ దు..." అనబోయాడు భుజంగరావు.

"ఏమిటి?" అన్నారు డైరెక్టరుగారు.

భుజంగరావు నోరు మూసుకున్నాడు. ఉందంటే మా నివేదిక తప్పు. లేదంటే మూటాముల్లే సర్దుకోవాలి. సర్దుకున్నాం. క్రషరు పక్కనే ఖాళీగా ఉన్న పంచాయతీ భవనం మాకిచ్చారు. కిటికీలకు మేకులు కొట్టాం, సందుల్లో గుడ్డలు కుక్కాం, మిషను మీద ఒక ముసుగు మీద ఇంకో ముసుగు కప్పాం. అయినా వారం తిరిగేసరికి అద్దం మీద గీతలు పడ్డాయి. డైరెక్టరుగారు ఆ రోజు అన్నం తినలేదు. ఒంటరిగా మిషను పక్కన కూర్చుని దాన్ని నిమురుతుంటే నేను చూశాను.

ప్రారంభోత్సవం రోజున క్రషరును ఒక్క పూట ఆపమని క్రషరు ఆసామిని అడుగుదామన్నాను నేను. "ఆపమంటే ఉన్నట్టే గదయ్యా," అన్నారు డైరెక్టరుగారు నీరసంగా. కాబట్టి అది నడుస్తూనే ఉంది. కార్యదర్శిగారు రిబ్బను కత్తిరించి, నల్లకోటు తెల్లకోటుగా మారేలోపు లోపలికి వచ్చేశారు. భోజనాలు మిషను గదిలోనే పెట్టాం, ఎందుకంటే తలుపు మూసుకునే గది అదొక్కటే. అనంతశయనం కూడా వచ్చాడు, భోజనాలున్నాయంటే అతను తప్పిపోడు.

విస్తళ్లు వేశాక సంపూర్ణమ్మ ఒక వెదురు గంప నిండా వేడివేడి అప్పడాలు పట్టుకుని వచ్చింది. నేను గబగబా ఎదురెళ్లాను.

"ఏమమ్మా, నోటీసు ఉందిగా!" అన్నాను చెవిలో.

"అమ్మొద్దన్నారు గానీ పెట్టొద్దన్లేదుగా," అంది పైకే. "ఊరికి పెద్దోళ్లొచ్చారు. ఒట్టి విస్తట్లో ఎట్టా తింటారు?"

కార్యదర్శిగారు మొదటి అప్పడం తీసుకుని గట్టిగా కొరికారు. ఫట్‌మని చప్పుడైంది. ఆయన చెయ్యి దవడ మీదికి వెళ్లింది. గదిలో ఎవరూ నమలడం లేదు. ఆయన నాలుకతో వెతికి వెతికి ఒక రాతిముక్కను, దానితోపాటు ఒక పంటిముక్కను అరచేతిలోకి తీశారు.

"ఇదేమిటి?"

"మిరియపు పలుకు సార్," అన్నారు డైరెక్టరుగారు.

"కల్తీ సార్!" అని అనంతశయనం లేచాడు. "ఈవిడ మీద ఇప్పటికే నోటీసుంది. ఈసారి కేసే. పోలీసులను పిలిపిస్తాను."

సంపూర్ణమ్మ గంప కింద పెట్టింది. గొంతులో భయం ఉంది గానీ మాట ఆగలేదు.

"పిలిపించండి. నేను కలిపుంటే తీసుకెళ్లి లోపలెయ్యండి. కాకపోతే పోయేముందు పెద్దాయన్ని ఒక్కటి అడగనియ్యండి." డైరెక్టరుగారి వైపు తిరిగింది. "అయ్యా, ఆ మిషను మీద ఆ ముసుగెందుకండీ?"

మిషను గురించి ఎవరడిగినా డైరెక్టరుగారు వెంటనే చెప్పేస్తారు. అది ఆయన అలవాటు, ప్రేమ. "దుమ్ము పడకుండా..." అన్నారు.

అని ఆగిపోయారు.

"నేనడిగిందీ అదేగా సారూ," అంది సంపూర్ణమ్మ, ఈసారి కార్యదర్శిగారితో. ఏడుపు ఆపుకుంటోంది. "ఓ ముసుగు, కాసిని నీళ్లు. నెలల తరబడి తిరిగా. నా అప్పడాల మీద పడితే అది పొడుగా, పొట్టా, జీలకర్రా, సోంపా అని లెక్కలు. మీ అద్దం మీద పడితే మాత్రం అడక్కుండానే దుమ్మా?"

నేను విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాను. భుజంగరావు కూడా అంతే.

కార్యదర్శిగారు పెద్ద అధికారి. అరచేతిలో సొంత పన్ను ఉన్నా భాష తప్పలేదు. "మండలి నిర్ధారణను ప్రశ్నించే ఉద్దేశం ప్రభుత్వానికి లేదు. అయినప్పటికీ, క్రషరు కార్మికులకు ఎండ తగలకుండా నీడ నిమిత్తం సదరు యంత్రాలపై సంపూర్ణంగా ముసుగు కప్పించవలెను. మొక్కల పెంపకం నిమిత్తం పూటకొకసారి నీళ్లు చిమ్మించవలెను. రేపటిలోగా." అప్పుడు మాత్రం దవడ పట్టుకుని మామూలు మనిషిలా అన్నారు, "రేపటిలోగా కాకపోతే ఎల్లుండి ఈ గంపెడు అప్పడాలూ మీ అందరిచేతా తినిపిస్తాను, ఆ తర్వాత పంటి డాక్టరు దగ్గర లైను కట్టుదురుగాని."

మర్నాడు మధ్యాహ్నానికి క్రషరుకు టార్పాలిన్ కప్పేశారు. మొక్కలు లేని చోట నీళ్లు చిమ్మడం మొదలైంది. నాలుగో రోజున వెనకాల కొండ కనపడింది. అనంతశయనం మళ్లీ వచ్చి, ఈసారి ముందు జాగ్రత్తగా పక్కపళ్లతో ఒక అప్పడం కొరికి, పంటికి ఏమీ తగలలేదని నోటీసు రద్దు చేశాడు. ఇంకో మూడు తిని వెళ్లాడు. సీజనులో సగం అప్పటికే పోయింది గానీ మిగతా సగానికి సంపూర్ణమ్మ దగ్గర వంటవాళ్లు వరస కట్టారు.

కార్యదర్శిగారి పంటికి తగిలిన రాతిముక్కను డైరెక్టరుగారు ఒక గాజుపలక మీద పెట్టి మాకు అప్పగించారు. నేను మెంతి వర్గం అన్నాను. భుజంగరావు ధనియం అన్నాడు. దాని మీద సమావేశాలు ఇంకా నడుస్తున్నాయి.

మా నివేదికను మేము మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ రాలేదు. మా రికార్డుల ప్రకారం గుండ్లమెట్టలో దుమ్ము అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక్క తేడా మాత్రం నేను గమనించాను. మధ్యాహ్నం భోజనంలో సంపూర్ణమ్మ అప్పడం కొరికితే ఇప్పటికీ కరకరమంటుంది. ఇప్పుడు ఆ చప్పుడు అప్పడానిదే.